కొత్తగా క్లీట్ షూస్ కొంటున్నారా? పెడళ్ళు ఎంచుకోవడం, బిగించడం, పడకుండా దిగడం

ఆదివారం పొద్దున కడప నుంచి ఒంటిమిట్ట దాకా సైకిళ్ళ మీద పోయి వస్తుంటాం. గుంపులోకి కొత్తగా రోడ్ బైక్‌తో వచ్చిన ప్రతి ఒక్కరూ రెండు మూడు వారాలకు నా కాళ్ళ వైపు చూసి ఒకటే అడుగుతారు: "అన్నా, ఆ బూట్లు పెడల్‌కు అతుక్కుంటాయి కదా, బ్రేక్ వేస్తే పడిపోరా?"

పడతారు. నేనూ పడ్డాను. ఒంటిమిట్ట దగ్గర టీ బంకు ముందు ఆగుతూ ఎడమ కాలు చక్కగా విడిపించాను. సైకిల్ మాత్రం కుడివైపు ఒరిగింది. కుడి కాలు పెడల్‌లోనే ఉంది. నరికిన అరటి చెట్టులాగా నిదానంగా, అందరూ చూస్తుండగా పడ్డాను. టీ గ్లాసు పట్టుకున్న ఒక పెద్దాయన లేపుతూ, "ఏం నాయనా, దిగేది నేర్చుకోకనే ఎక్కినావా?" అన్నాడు. క్లీట్ షూస్ (అడుగున పెడల్‌లో ఇరుక్కునే ముక్క ఉన్న బూట్లు) గురించి నాకు అందిన మంచి సలహా అదే. అందుకే కింద బిగించే పని ఎంత వివరంగా ఉందో, దిగే పని కూడా అంతే వివరంగా ఉంటుంది.

ఇలా బూటును పట్టి ఉంచే పెడళ్ళను క్లిప్‌లెస్ పెడళ్ళు అంటారు. పేరు చూసి తికమక పడొద్దు. పూర్వం పాదం ముందు భాగాన్ని పట్టి ఉంచడానికి పెడల్ మీద ఒక తొడుగు, పట్టీ ఉండేవి. వాటిని టో క్లిప్‌లు అనేవారు. అవి లేని పెడల్ కాబట్టి క్లిప్‌లెస్. 1984లో ఫ్రాన్స్‌లోని లుక్ కంపెనీ, మంచు మీద జారే స్కీ బూట్ల పట్టునే సైకిల్‌కు తెచ్చింది. మరుసటి ఏడాది బెర్నార్డ్ ఇనో ఆ పెడళ్ళతోనే టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. థియరీ ఇంతటితో చాలు.

అసలు మీకు అవసరమా?

కూరగాయలకు, ఆఫీసుకు, ఊళ్ళో ఐదారు కిలోమీటర్లకు అక్కర్లేదు. పళ్ళున్న వెడల్పాటి మామూలు పెడల్, గట్టి అడుగున్న షూ సరిపోతాయి. వారానికి రెండు మూడు సార్లు ముప్పై నలభై కిలోమీటర్లు తొక్కుతూ, పాదం పెడల్ మీద జారుతోందనో, ప్రతిసారీ వేరే చోట పడుతోందనో అనిపిస్తుంటే అప్పుడు కొనండి. స్పీడు అమాంతం పెరుగుతుందని మాత్రం కొనకండి. పాదం ఎప్పుడూ ఒకే చోట ఉండటమే దీనివల్ల వచ్చే అసలు లాభం. ఆ చోటు తప్పయితే నష్టం కూడా అక్కడే మొదలవుతుంది, ముఖ్యంగా మోకాలికి.

రెండు బోల్టులా, మూడు బోల్టులా?

షూ అడుగున బిగించే చిన్న ముక్కే క్లీట్. ఇవి ముఖ్యంగా రెండు రకాలు.

రెండు బోల్టులది: షిమానో ఎస్‌పీడీ రకం. చిన్న ఉక్కు క్లీట్, షూ అడుగులోని గాడిలో దాగి ఉంటుంది. మామూలు షూలాగే నడవచ్చు. చాలా మోడళ్ళలో పెడల్‌కు రెండు వైపులా పట్టు ఉంటుంది కాబట్టి తిప్పి చూసుకోనక్కర్లేదు.

మూడు బోల్టులది: షిమానో ఎస్‌పీడీ-ఎస్ఎల్, లుక్ కియో రకాలు. పెద్ద ప్లాస్టిక్ క్లీట్, షూ బయటికి పొడుచుకొని ఉంటుంది. పాదానికి ఆనిక ఎక్కువ. రేసులు తొక్కేవాళ్ళకు ఇదే ఇష్టం. నడక మాత్రం బాతు నడకే.

కొత్తవాళ్ళకు, అందులోనూ మన వైపు తొక్కేవాళ్ళకు, నా ఓటు రెండు బోల్టుల రకానికే. ఎందుకంటారా? మన రైడ్‌లో కాలు కింద పెట్టే పని ఎక్కువ. గొర్రెల మంద అడ్డం వస్తుంది, టీ బంకు వస్తుంది, పంక్చర్ పడితే మట్టిలో నిలబడాల్సి వస్తుంది. ఇంకోటి, మన ఇళ్ళ మెట్లు, హోటళ్ళ అరుగులు అన్నీ కడప బండలే. నున్నగా అరిగిన ఆ నల్ల బండ మీద కాస్త నీళ్ళు పడి ఉన్నప్పుడు ప్లాస్టిక్ క్లీట్‌తో అడుగేసి చూడండి, సైకిల్ మీద పడనివాడు కూడా అక్కడ పడతాడు.

రెండింటి మధ్య ఊగిసలాడేవాళ్ళకు మూడో దారి ఉంది: ఒక వైపు ఎస్‌పీడీ పట్టు, మరో వైపు చదును ఉండే పెడల్. షిమానో ఈహెచ్500 అలాంటిదే. ఊళ్ళో చెప్పులతో తొక్కొచ్చు, ఆదివారం క్లీట్‌తో తొక్కొచ్చు. కానీ అడుగేసే ముందు ఏ వైపు పైకి ఉందో చూసుకోవాలి.

మూడు బోల్టులదే కావాలంటే క్లీట్ రంగు చూసి కొనండి. పెడల్‌లో ఇరుక్కున్నాక కూడా మడమ కొంచెం అటూ ఇటూ కదిలే వీలును ఫ్లోట్ అంటారు. షిమానోలో పసుపు రంగుది 6 డిగ్రీలు కదులుతుంది, నీలం 2, ఎరుపు అసలు కదలదు. లుక్ కియోలో ఎరుపే ఎక్కువ, 9 డిగ్రీలు. బూడిద రంగు 4.5, నలుపు సున్నా. అంటే ఒక కంపెనీలో ఎరుపు బిగదీసినట్టుంటే ఇంకో కంపెనీలో అదే ఎరుపు అన్నిటికన్నా స్వేచ్ఛగా ఉంటుంది. కొత్తవాళ్ళు షిమానో పసుపు గానీ, లుక్ బూడిద లేదా ఎరుపు గానీ తీసుకోండి. ఒక కంపెనీ క్లీట్ ఇంకో కంపెనీ పెడల్‌కు పడుతుందని నమ్మకండి.

ఎస్‌పీడీలో కూడా రెండు రకాల క్లీట్లున్నాయి. ఎస్‌హెచ్51 మడమ పక్కకు తిప్పితేనే వదులుతుంది. ఎస్‌హెచ్56 ఇంకొన్ని దిక్కుల్లో లాగినా వదులుతుంది. పడతానేమోనని బాగా భయముంటే 56తో మొదలుపెట్టండి. గట్టిగా పైకి లాగి తొక్కేటప్పుడు అనుకోకుండా ఊడొచ్చు, అదొక్కటే దానితో ఇబ్బంది.

షూ కొనేటప్పుడు

ఎక్కువమంది ఆన్‌లైన్‌లోనే తెప్పించుకుంటారు. బెంగళూరుకో హైదరాబాద్‌కో పోయే పని ఉంటే అక్కడ తొడిగి చూసి కొనడం మేలు. సైజు తప్పడం ఆన్‌లైన్‌లో మామూలే. మన 8 నంబరు, యూరప్ 42 ఒకటే అనుకొని ఆర్డర్ పెట్టొద్దు. కొలిచే పద్ధతి ఇది: సాయంత్రం పూట, ఎండకు పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, సైకిల్ సాక్స్ తొడుక్కొని మడమ గోడకు ఆనించి కాగితం మీద నిలబడండి. అన్నిటికన్నా పొడుగు వేలు దగ్గర గీత గీసి మిల్లీమీటర్లలో కొలవండి. రెండు పాదాలూ కొలిచి పెద్దదాన్ని లెక్కలోకి తీసుకోండి. ఆ కంపెనీ ఇచ్చిన పట్టికతోనే పోల్చుకోండి. ఏడాదంతా చెప్పుల్లో తిరిగే మన పాదాలు ముందువైపు వెడల్పు. వైడ్ అని రాసి ఉన్న మోడల్ దొరికితే ముందు అది చూడండి.

తొడిగాక మడమ లేవకూడదు, వేళ్ళు మాత్రం కదలాలి. కార్బన్ అడుగు ఇప్పుడే వద్దు, నైలాన్ అడుగు చాలు. లేసులున్నవి కొంటే కొసలు లోపలికి దోపండి, చైన్‌లో పడితే కాలు విడిపించినా సైకిల్ మిమ్మల్ని వదలదు. అన్నిటికన్నా ముఖ్యంగా, షూ అడుగున రెండు గాళ్ళున్నాయా మూడు రంధ్రాలున్నాయా చూసి, పెడల్ కూడా ఆ రకందే తీసుకోండి. షూతో క్లీట్లు రావు, పెడల్ డబ్బాలో వస్తాయి. ఇది తెలియక క్లీట్లు విడిగా ఇంకో జత కొన్నవాళ్ళు మా గుంపులోనే ఇద్దరున్నారు.

కావలసినవి

4, 6, 8 ఎంఎం అలెన్ కీలు, టెన్షన్ స్క్రూకు (పెడల్ పట్టు బిగువును మార్చేది) 2.5 లేదా 3 ఎంఎం అలెన్ కీ, 15 ఎంఎం సన్నటి స్పానర్, కొంచెం గ్రీజు, స్కెచ్ పెన్, తెల్ల రంగు మార్కర్, స్కేలు, పాత గుడ్డ. టార్క్ రెంచ్ (ఎంత గట్టిగా బిగించామో కొలిచి చూపేది) ఉంటే మంచిది, లేకపోయినా పని ఆగదు. పట్టుకోవడానికి ఇంట్లో ఎవరైనా ఒకరు.

బిగించే పద్ధతి

1. పాత పెడళ్ళు విప్పండి. ముందు చైన్‌ను ముందరి పెద్ద పళ్ళచక్రం మీదికి తెచ్చుకోండి. స్పానర్ జారితే చెయ్యి ఆ పళ్ళకు కొట్టుకోకుండా ఉంటుంది. కుడి పెడల్ మరలు మామూలే, ఎడమ పెడల్ మరలు తిరగేసి ఉంటాయి. గుర్తుకు ఒక చిట్కా: స్పానర్‌ను పెడల్ ఇరుసుకు పైవైపు నిలబెట్టి, సైకిల్ వెనక చక్రం వైపు తిప్పితే రెండు పెడళ్ళూ ఊడతాయి, ముందు చక్రం వైపు తిప్పితే రెండూ బిగుస్తాయి. ఊడకపోతే తుప్పు వదిలించే నూనె చల్లి రాత్రంతా వదిలేయండి. సుత్తితో కొట్టనివ్వొద్దు.

2. కొత్త పెడళ్ళు ఎక్కించండి. ఎల్, ఆర్ అన్న అక్షరాలు చూసి ఎడమ కుడి విడదీసుకోండి. మరలకు గ్రీజు పూసి, మొదటి ఐదారు చుట్లు వేళ్ళతోనే తిప్పండి. వేళ్ళతో తిరగకపోతే ఆపి, ఊడదీసి, మళ్ళీ తిన్నగా పెట్టండి. ఒకసారి ఒక షాపులో నా సైకిల్‌కు ఎడమ పెడల్‌ను కుడివైపు వంకరగా స్పానర్‌తోనే ఎక్కించేశారు. అల్యూమినియం క్రాంక్ (పెడల్ బిగించే కడ్డీ) మరలు మొత్తం పోయాయి. పెడల్ ధరకన్నా క్రాంక్ ధర ఎక్కువని ఆ రోజే తెలిసింది. చివర్లో స్పానర్‌తో గట్టిగా బిగించండి. టార్క్ రెంచ్ ఉంటే 35 నుంచి 40 న్యూటన్ మీటర్లు.

3. పెడల్ టెన్షన్ పూర్తిగా తగ్గించండి. పెడల్ వెనకవైపు చిన్న అలెన్ స్క్రూ ఉంటుంది, పక్కన ప్లస్, మైనస్ గుర్తులుంటాయి. మైనస్ వైపు చివరి దాకా తిప్పండి, అది పూర్తిగా ఊడిపోకుండా చూసుకుంటూ. రెండు వైపులా పట్టున్న పెడల్ అయితే ఇలాంటి స్క్రూలు మొత్తం నాలుగు. నలుగురిలో ముగ్గురు ఒక్కో పెడల్‌కు ఒక్కటే తిప్పి వదిలేస్తారు. తర్వాత పెడల్ ఒక వైపు సులువుగా వదిలి, ఇంకో వైపు మొండికేస్తుంది. ఆగేటప్పుడు మీకు దక్కేది ఆ మొండి వైపే.

4. షూ అడుగు సిద్ధం చేయండి. ఎస్‌పీడీ షూస్ కొన్నింటికి గాడి మీద రబ్బరు మూత ఉంటుంది, స్క్రూలతోనో గమ్‌తోనో. దాన్ని తీయండి. షూ లోపల ఇన్‌సోల్ ఎత్తి చూస్తే కదిలే లోహపు పలక కనిపిస్తుంది. బోల్టులు దానిలోకే పోతాయి.

5. పాదం ఎముకలు గుర్తించండి. అన్నిటిలోకీ తొందరపడకూడని పని ఇదే. షూ తొడుక్కొని నిలబడండి. బొటనవేలి మొదట్లో లోపలి పక్కకు ఉబ్బెత్తుగా తగిలే ఎముకను షూ పైనుంచే వేలితో నొక్కి పట్టుకోండి. దొరకకపోతే మడమ ఎత్తండి, పాదం ఎక్కడ మడత పడుతుందో అక్కడే అది. షూ పక్కన స్కెచ్ పెన్‌తో చుక్క పెట్టండి. అలాగే చిటికెన వేలి మొదట్లో ఉన్న ఎముక దగ్గర బయటి పక్క ఇంకో చుక్క. ఇది బొటనవేలి చుక్కకన్నా కాస్త వెనక వస్తుంది. రెండో షూకూ ఇదే పని. రెండు పాదాలూ ఒకేలా ఉంటాయని అనుకోకండి, నా రెంటికీ నాలుగు మిల్లీమీటర్ల తేడా ఉంది.

6. క్లీట్ ముందు వెనకలు సరిచేయండి. పెడల్ ఇరుసు ఈ రెండు చుక్కల మధ్యలో పడాలి. చాలా క్లీట్ల మీద ఇరుసు చోటు తెలిపే చిన్న గీత ఉంటుంది, దాన్ని ఆ మధ్యకు తెండి. సందేహం ఉంటే రెండు మూడు మిల్లీమీటర్లు మడమ వైపు జరపండి కానీ వేళ్ళ వైపు జరపొద్దు. ముందుకు పోయేకొద్దీ పిక్క మీద, వేళ్ళ మీద బరువు పెరుగుతుంది. ఎస్‌పీడీ క్లీట్ సన్నటి కొస ముందుకు ఉండాలి.

7. కోణం, పక్కలు చూడండి. ఎత్తైన బల్ల అంచున కూర్చొని కాళ్ళు వేలాడదీయండి. పాదాలు వాటంతట అవి ఎటు తిరిగి ఉన్నాయో చూడండి. చాలామందికి వేళ్ళు కొద్దిగా బయటికి ఉంటాయి. క్లీట్ కోణం దానికి దగ్గరగా పెట్టండి. పాదాలను బలవంతంగా సమాంతరంగా నిలబెట్టకండి, అది పరేడ్ కాదు. అడ్డంగా అయితే మొదట క్లీట్‌ను నట్టనడుమ పెట్టి వదిలేయండి.

8. బిగించండి. బోల్టులకు గ్రీజు పూసి, ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా 4 ఎంఎం కీతో బిగించండి. 5 నుంచి 6 న్యూటన్ మీటర్లు చాలు. టార్క్ రెంచ్ లేకపోతే కీ పొట్టి వైపు బోల్టులో పెట్టి, పొడుగు వైపు వేళ్ళతో పట్టుకొని గట్టిగా ఆగేదాకా తిప్పండి, దాని మీద బరువు వేసి నొక్కొద్దు. వదులైన క్లీట్ ఇంకా ప్రమాదం: మడమ తిప్పితే షూ తిరుగుతుంది కానీ క్లీట్ పెడల్‌లోనే ఉండిపోతుంది, ఇక కాలు రాదు. తర్వాత తెల్ల మార్కర్‌తో క్లీట్ చుట్టూ గీత గీయండి, జరిగితే వెంటనే తెలుస్తుంది.

9. సీటు ఎత్తు మళ్ళీ చూసుకోండి. కొత్త షూ, పెడల్ మందం పాతవాటితో సమానంగా ఉండవు. గోడ పట్టుకొని సీటు మీద కూర్చొని, మడమ పెడల్ మీద పెట్టి కిందికి తొక్కితే కాలు తిన్నగా సాగాలి. అప్పుడు క్లీట్ బిగించి తొక్కితే మోకాలు కొంచెం వంగి ఉంటుంది.

దిగడం నేర్చుకోండి

10. గోడ దగ్గర. సైకిల్‌ను గోడ పక్కన నిలిపి, ఒక చెయ్యి గోడకు ఆనించి కూర్చోండి. క్లీట్ ముందు కొసను పెడల్ ముందరి పట్టులో తగిలించి, కిందికి నొక్కండి. "టక్" మంటుంది. విడిపించడానికి మడమను బయటికి, అంటే సైకిల్‌కు దూరంగా తిప్పండి. పైకి లాగొద్దు, భయంలో అందరూ పైకే లాగుతారు. పెడల్ కింద ఉన్నప్పుడు విడిపించడం సులువు. ఒక్కో కాలితో ముప్పై సార్లు చేయండి. ఇంట్లోవాళ్ళు నవ్వుతారు, నవ్వనీండి.

11. మైదానంలో. గడ్డి ఉంటే మంచిది. మన దగ్గర గడ్డి ఎక్కడిది, మెత్తటి మట్టి ఉన్న కాలేజీ గ్రౌండ్ చాలు. ఒక కాలు మాత్రమే తగిలించి తొక్కండి, ఆగండి. తర్వాత రెండూ. వరస ఎప్పుడూ ఇదే: ఆగాలనుకున్న చోటికి పది పదిహేను మీటర్ల ముందే ఎడమ కాలు విడిపించండి, ఆ తర్వాతే బ్రేక్, ఆగే క్షణంలో ఒళ్ళు ఎడమకు వాల్చండి. నేను టీ బంకు దగ్గర మరిచింది ఆ చివరిదే. హ్యాండిల్ కొంచెం కుడికి తిప్పితే సైకిల్ దానంతటదే ఎడమకు ఒరుగుతుంది. ఇరవై సార్లు ఆగండి.

12. రోడ్డు మీద. మొదటి రైడ్ ఏడు రోడ్ల కూడలి మీదుగా వద్దు. తెల్లవారుజామున ఖాళీగా ఉండే రోడ్డు చూసుకోండి. తారు రోడ్డు ఎడమ అంచున చాలాచోట్ల జానెడు దిగువన మట్టి ఉంటుంది. అక్కడ ఎడమ కాలు దించితే నేల అందదు, అలాగే పక్కకు పోతారు. అంచుకు అడుగు దూరం లోపలే ఆగండి. గుంపు, స్పీడ్ బ్రేకర్, కుక్క, మంద, వీటిలో ఏది కనిపించినా ముందే ఒక కాలు విడిపించి పెట్టుకోండి. గువ్వలచెరువు ఘాట్‌లో పాలకోవా తిని రావాలన్న ఉత్సాహం ఉంటే ఒక నెల ఆగండి. ఎక్కుడులో గేరు ఆలస్యంగా మారిస్తే సైకిల్ ఉన్నచోటే నిలిచిపోతుంది, వెనక లారీ ఉంటుంది.

ఒకవేళ పడుతున్నారని తెలిస్తే చెయ్యి చాపకండి. హ్యాండిల్ పట్టుకొనే పడండి. మోచెయ్యి గీసుకుపోతుంది, మణికట్టు మిగులుతుంది.

సరిగ్గా కుదిరిందా? ఇలా చూసుకోండి

మొదటి ఇరవై కిలోమీటర్ల తర్వాత బోల్టులు మళ్ళీ బిగించండి, కచ్చితంగా కాస్త తిరుగుతాయి. తెల్ల గీత దాటి క్లీట్ జరిగిందేమో చూడండి. తొక్కుతూ మడమను లోపలికీ బయటికీ కదిపి చూడండి: రెండు వైపులా కొంచెం కదలాలి. ఒక వైపు గోడకు తగిలినట్టు ఆగిపోతే కోణం తప్పు, మడమకు ఆ వైపు చోటు వచ్చేలా క్లీట్ తిప్పండి. మడమ క్రాంక్‌కు గానీ వెనక కడ్డీకి గానీ రాసుకుంటే క్లీట్‌ను అడ్డంగా లోపలి వైపు కాస్త జరపండి, పాదం బయటికి పోతుంది.

నొప్పులు చెప్పేది వినండి. మోకాలి ముందు నొప్పి అయితే ముందు అనుమానించాల్సింది సీటు తక్కువ కావడం, లేదా క్లీట్ మరీ ముందుకు ఉండటం. మోకాలి వెనక నొప్పి అయితే సీటు ఎక్కువ. లోపలి, బయటి పక్కల నొప్పి అయితే కోణం. వేళ్ళు తిమ్మిరెక్కితే ముందు పట్టీలు వదులు చేయండి, తగ్గకపోతే క్లీట్ వెనక్కు జరపండి. ఒక్కసారికి ఒక్కటే మార్పు, అదీ రెండు మిల్లీమీటర్లే. సీటూ క్లీటూ కలిపి ఒకే రోజు కదిపితే దేనివల్ల తగ్గిందో, దేనివల్ల పెరిగిందో తెలియదు. పది రోజులైనా నొప్పి తగ్గకపోతే మామూలు పెడళ్ళు వేసుకొని డాక్టర్‌కు చూపించండి. "అలవాటైపోతుంది లే" అనే మాట భయానికి పనికొస్తుంది కానీ మోకాలికి పనికిరాదు.

రెండు నెలలకు, అనుకోకుండా కాలు ఊడుతుంటేనే టెన్షన్ ఒక్కో క్లిక్ పెంచండి. అన్ని స్క్రూలకూ లెక్క సమానంగా ఉండాలి.

వాన పడ్డాక ప్రొద్దుటూరు వైపు నల్లరేగడిలో ఒక్కసారి కాలు పెడితే క్లీట్ గాడి మొత్తం బంకమట్టితో నిండిపోతుంది, ఇక టక్ అనదు. పుల్లతో గీకి, సీసాలో నీళ్ళు పోసి కడగండి. బాగా ఆరాక స్ప్రింగ్‌కు ఒక చుక్క నూనె వేసి తుడవండి. నూనె ఎక్కువైతే దుమ్మంతా అక్కడే చేరుతుంది.

గుడికి పోయేవాళ్ళకు ఒక మాట. ఒంటిమిట్టలో షూస్ బయట వదిలేటప్పుడు నీడలో పెట్టండి. మే నెల ఎండలో కాలిన బండ మీద గంట ఉంచితే వచ్చి తొడుక్కోలేరు. నేను ఒక చెప్పుల జత బ్యాగులో పెట్టుకొని పోతాను.

ప్లాస్టిక్ క్లీట్లు నడిస్తేనే ఎక్కువ అరుగుతాయి. ముందు కొస పలచబడినా, తగిలించాక పాదం లొడలొడలాడినా, కాలు దానంతటదే ఊడుతున్నా కొత్తవి వేయండి, రెండూ ఒకేసారి. ఉక్కు క్లీట్లు ఇంకా చాలా కాలం వస్తాయి. కొత్తది వేసేటప్పుడు పాతది విప్పకముందే దాని చుట్టూ ఉన్న తెల్ల గీత చెరిగిపోయిందేమో చూసి, మళ్ళీ దిద్దుకోండి. ఆ గీతలో కొత్త క్లీట్ కూర్చోబెట్టి బిగిస్తే ఎముకలు వెతికే పని మళ్ళీ ఉండదు.